ముదిమి, మతిమరుపు: ఒక మాట చరిత్ర

ఇంటిలో పెద్దవారు అడిగినదే మరల మరల అడిగితే మనం "చాదస్తం" అని తీసివేస్తాము. ఈ మాట పుట్టుకను పరిశీలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఛందస్సు అనగా వేదం. వేదం చదువుకొన్నవాడు ఛాందసుడు. అంటే మొదట ఇది గౌరవవాచకమే. పిమ్మట అక్షరం తప్పక పాత పద్ధతిని పట్టుకొని ఉండేవాడికి ఆ పేరు వచ్చింది. ఛాందసం వాడుకలో చాదస్తమై, చివరకు ముసలివారి మాటలమీద నిలిచింది. పండితుని బిరుదు వృద్ధుని లోపమయినది.

ముదిమిలో బుద్ధి తగ్గుటకు ప్రతి జాతివారు ఏదో ఒక పేరు పెట్టుకొన్నారు. ఆ పేర్లు రోగాన్ని వర్ణించడమే కాక, రోగిని మనం ఏ విధంగా చూడవలెనో కూడ నిర్ణయించినవి. వాటి చరిత్ర కొంతవరకు వైద్యశాస్త్ర చరిత్రే.

హిందీలో అరవైని సాఠ్ అంటారు. దానినుండి పుట్టిన క్రియ "సఠియానా". అనగా అరవై దాటి మతి తప్పుట. కన్నడంలో ఇదే స్థితికి "అరళు మరళు" అని పేరు. ఆ మాటకే వికసించుట, తిరిగి వచ్చుట అను అర్థాలు కూడ ఉన్నందున మహాకవి బేంద్రే తన కవితాసంపుటికి దానినే పేరుగా పెట్టినాడు. 1896లో జన్మించిన ఆ కవికి ఈ గ్రంథంపై 1958లో సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. అరవై దాటిన కవి ఎగతాళి మాటను తిప్పి పువ్వుగా చేసినాడు!

ప్రాచీన రోములో ఇట్టి స్థితికి వాడిన మాట "డెలిరేషియో". లాటిన్ భాషలో "లీరా" అనగా నాగటి చాలు. చాలు తప్పి పక్కకు పోవుట అని ఆ మాటకు మూలార్థం. దున్నడం తెలిసినవారికి ఇంతకంటె చక్కని ఉపమానం అక్కరలేదు. క్రీ. పూ. 44లో సిసెరో వృద్ధాప్యాన్ని గూర్చి ఒక గ్రంథం వ్రాసినాడు. ఈ మతితప్పుదల కొందరు వృద్ధులకే గాని అందరికీ కలిగేది కాదని అందులో ఆయన వాదించినాడు. గ్రీకు నాటకకర్త సోఫోక్లిసు కథను కూడ చెప్పినాడు. తండ్రికి మతి చెడినదని, ఆస్తి తమకు అప్పగించవలెనని కొడుకులు న్యాయస్థానానికి ఎక్కినారట. ఆ వృద్ధుడు తాను కొత్తగా వ్రాసిన నాటకం చదివి వినిపించి, మతి చెడినవాడు వ్రాయగలిగినదేనా ఇది అని అడిగినాడట. న్యాయాధిపతులు ఆయన పక్షమే తీర్పు చెప్పినారు.

నేడు వైద్యులు వాడే "డిమెన్షియా" కూడ లాటిన్ మాటే. మెన్స్ అనగా మనస్సు, "డీ" అనగా తొలగుట. ఇందులో ముదిమి ప్రసక్తి లేదని గమనించవలెను. 1801లో ఫ్రెంచి వైద్యుడు పినెల్ మానసిక వ్యాధులను వర్గీకరించినప్పుడు ఈ మాట అన్ని వయస్సులకూ వర్తించింది. ఆయన శిష్యుడు ఎస్కిరాల్ 1838లో ఒక స్పష్టమైన భేదం చూపినాడు. పుట్టుకతో బుద్ధి వికసించనివాడు ఎన్నడూ ధనం ఎరుగని పేదవాని వంటివాడనీ, డిమెన్షియా రోగి ఉన్న ధనం పోగొట్టుకొన్నవాడనీ ఆయన భావం. నేటికీ ఈ నిర్వచనపు సారం మారలేదు.

"సీనైల్" అను ఇంగ్లీషు మాట కథ వేరు. దీని మూలం "సెనెక్స్", అనగా వృద్ధుడు. రోములోని పెద్దల సభకు సెనేట్ అను పేరు కూడ ఈ మూలంనుండే వచ్చింది. 17వ శతాబ్దంలో సీనైల్ అనగా వృద్ధులకు సంబంధించినది అని మాత్రమే అర్థం. 19వ శతాబ్ది మధ్యకు అది ముదిమివలన కలిగిన బలహీనతను సూచించసాగింది. సభకు పేరిచ్చిన మూలమే మతిలేమికి కూడ పేరయినది. మన ఛాందసుని గతే ఇది!

ఇక ప్రయోగశాలకు వద్దాం. 1901 నవంబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు మానసిక వైద్యశాలలో అగుస్తె డీటర్ అను 51 ఏండ్ల స్త్రీ చేరింది. భర్త పేరేమని అడిగితే ఆమె తన పేరే చెప్పింది. ఆమెను పరీక్షించిన వైద్యుడు ఆలాయిస్ అల్జీమర్. 1906 ఏప్రిల్‌లో ఆమె మరణించింది. అప్పటికి మ్యూనిక్‌లో పనిచేస్తున్న అల్జీమర్, ఆమె మెదడును తెప్పించుకొని, పలుచని పొరలుగా కోసి, వెండి లవణాలతో రంగు ఎక్కించి సూక్ష్మదర్శినిలో చూచినాడు. నాడీకణాల నడుమ ఫలకాలవంటి ముద్దలు, కణాల లోపల నారచిక్కులు కనిపించినవి. 1906 నవంబరులో ట్యూబింగెన్ సభలో ఈ సంగతి ఉపన్యసించి, 1907లో ప్రచురించినాడు. అదే 1907లో ప్రాగ్ నగరంలో ఆస్కార్ ఫిషర్ ఇట్టి ఫలకాలనే వృద్ధరోగుల మెదళ్ళలో వర్ణించినాడు.

1910లో క్రెపెలిన్ తన పాఠ్యగ్రంథంలో "అల్జీమర్ వ్యాధి" అను పేరు చేర్చినాడు. అగుస్తె చిన్న వయస్సుది గనుక, అది ముదిమి రాకముందే వచ్చే అరుదైన రోగమని వైద్యలోకం భావించింది. ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. యాభై ఏండ్లవానికి మతి పోతే "వ్యాధి" అన్నారు. డెబ్బై ఏండ్లవానికి అదే స్థితి కలిగితే "వయస్సు" అన్నారు. వ్యాధికి కారణం వెదకుతాము. వయస్సుకు కారణం వెదకము. అరవై ఏండ్లకు పైగా పరిశోధనకు ఈ మాటలే అడ్డుగోడలైనవి.

ఆ గోడను పడగొట్టినది లెక్కింపు. ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో బ్లెస్సెడ్, టామ్లిన్‌సన్, రాత్ అను ముగ్గురు పరిశోధకులు వృద్ధుల మానసిక శక్తిని వారు జీవించి ఉండగా కొలిచి, మరణానంతరం వారి మెదళ్ళలోని ఫలకాలను లెక్కించినారు. ఫలకాలు హెచ్చుగా ఉన్నవారిలో బుద్ధిలోపం కూడ హెచ్చుగా ఉన్నట్లు 1968లో ప్రకటించినారు. 1976లో అమెరికా వైద్యుడు రాబర్ట్ కట్జ్‌మన్, రెండు పేర్లు ఉన్నా రోగం ఒకటేనని వాదించినాడు. ఆ నాటినుండి "అరుదైన వ్యాధి" కాస్తా పెద్ద ప్రజారోగ్య సమస్యగా గుర్తింపు పొందింది. రోగులు ఒక్కసారిగా పెరగలేదు. మారినది పేరు.

పేరు మార్పులో జపాను మరొక అడుగు వేసింది. అక్కడ వాడుకలో ఉన్న "చిహో" అను మాటను వ్రాసే అక్షరాలకు మూఢత్వం, మతిలేమి అని అర్థం. అది అవమానకరమనీ, ఆ పేరుకు వెరచి జనం వైద్యుని వద్దకు రారనీ గుర్తించి, 2004లో ప్రభుత్వం దానికి బదులు "నిన్చిషో", అనగా గ్రహణశక్తికి సంబంధించిన వ్యాధి అను మాటను ప్రవేశపెట్టింది.

మన సంగతి ఏమిటి? 2023లో ప్రచురితమైన ఒక జాతీయస్థాయి అధ్యయనం ప్రకారం భారతదేశంలో 60 ఏండ్లు, ఆ పైబడినవారిలో 7.4 శాతం, అనగా సుమారు 88 లక్షలమంది డిమెన్షియాతో ఉన్నారు. ఈ అంకెను రెండు వైపులా చదవవలెను. 88 లక్షలు చిన్న సంఖ్య కాదు. కాని నూటికి 92 మందికి పైగా ఈ రోగం లేదు. అరవై దాటితే మతి పోతుందను సామెతలు లెక్కకు నిలువవు. సిసెరో చెప్పినదే నిజమయినది.

నా చిన్నతనంలో మా తాతగారు సంతనుండి వచ్చి చిల్లర లెక్క తప్పితే పిల్లలమందరం నవ్వేవారము. జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషి ఆయన. "తాతకు చాదస్తం" అన్నాము. ఆ మాట అన్న తరువాత ఇక ఆలోచించడానికి ఏమీ మిగలలేదు. ఎవరమూ వైద్యునికి చూపలేదు. మతిమరుపు అంతా అల్జీమర్ వ్యాధి కాదు. థైరాయిడ్ గ్రంథి మందగించినా, బి12 విటమిన్ లోపించినా, మనస్సు క్రుంగినా ఇట్టి లక్షణాలే కనిపించవచ్చు. వీటికి చికిత్స ఉన్నది. అల్జీమర్ వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు లేకపోయినా, ముందుగా తెలిస్తే రోగికి, ఇంటివారికి దారి కొంత సుగమమవుతుంది. మా తాతగారిది ఏదో నాకు ఎన్నటికీ తెలియదు.

నేడు మన పుస్తకాలలో డిమెన్షియాకు "చిత్తవైకల్యం" అను మాట వాడుతున్నారు. ఇది చాదస్తంకంటె మేలు. కనీసం దీనిలో నవ్వు లేదు. ఉపాధ్యాయులు జీవశాస్త్ర పాఠంలో మెదడును గూర్చి చెప్పేటప్పుడు విద్యార్థులను ఒక ప్రశ్న అడగవచ్చును: మీ ఇంటిలో పెద్దవారు మరచిపోతే మీరు ఏ మాట వాడుతారు? జవాబులు నల్లబల్లమీద వ్రాసి, వాటిలో వయస్సును చెప్పేవి ఎన్నో, వ్యాధిని చెప్పేవి ఎన్నో లెక్కించమనండి. నాగలి చాలు తప్పినప్పుడు రైతు ఎద్దును చూచి నవ్వడు. ఆగి, కారణం చూస్తాడు.