పుచ్చకాయ తొక్కలు

కిందటి వేసవిలో ఓ ఆదివారం పుచ్చకాయ కోశాం. ఇంటిల్లిపాదీ తినగా మిగిలిన తొక్కలు పళ్ళెంలో పోగేసి చెత్తబుట్ట వైపు నడుస్తుంటే, అంట్లు తోముతున్న మా పనమ్మాయి అడ్డొచ్చింది.

"పారేత్తారేంటమ్మగారూ? నేను పట్టుకెళతా."

"గేదెను కొన్నావా ఏమిటి?" అన్నాను నవ్వుతూ.

"గేదెక్కడిదమ్మగారూ! మాకే. కూరొండుకుంటాం."

నా నవ్వు నోట్లోనే ఆగిపోయింది. మర్నాడు చిన్న గిన్నెలో ఆ కూర తెచ్చిచ్చింది. మావారు సొరకాయ అనుకుని మారు వడ్డించుకున్నారు. ఇన్నేళ్ళ సంసారంలో ఎన్ని తొక్కలు పారబోశానో అనిపించింది. ఆ సిగ్గుతోనే పుచ్చకాయ కథ ఏమిటా అని పుస్తకాలు తిరగేశాను.

మనం ఎర్రటి కండ తిని గింజలు ఉమ్మేస్తాం కదా. మొదట్లో జరిగింది దీనికి సరిగ్గా తలకిందులట! లిబియాలో ఆరువేల ఏళ్ళనాటి పుచ్చగింజలు దొరికాయి. 2022లో శాస్త్రజ్ఞులు వాటిలోని జన్యువులను చదివి చూస్తే, ఆనాటి కాయ లోపల తెలుపూ ఆకుపచ్చా కలిసిన రంగనీ, బహుశా చేదనీ తేలింది. మరి ఎందుకు ఏరుకున్నారయ్యా అంటే, గింజల కోసం. ఆ గింజలమీద మనుషులు పళ్ళతో కొరికిన ఆనవాళ్ళు కూడా ఉన్నాయి! ఆరువేల ఏళ్ళ కిందట ఏ తల్లో ఎడారి ఎండలో కూర్చుని, పిల్లల కోసం ఒక్కొక్క గింజా కొరికి పప్పు తీస్తున్నట్టు నా కళ్ళకు కట్టింది. నవలలు రాసేదాన్ని కదా, ఆ మాత్రం ఊహ తప్పదు.

ఇప్పటికీ నైజీరియాలో అలాంటి గింజల్ని 'ఎగుసీ' అంటారు. వాటిని పొడిచేసి పులుసు చిక్కబరుస్తారు, మనం గసగసాలు నూరి కూరలో వేసినట్టు. మన మిఠాయి దుకాణాలవాళ్ళు వాడే చార్ మగజ్‌లో కూడా పుచ్చపప్పు ఉంటుంది.

తియ్యటి కండ కోసం కోసుకు తినడం ఈజిప్టులో నాలుగువేల ఏళ్ళకు పైబడ్డ ముచ్చట. అక్కడి సమాధి గోడమీద పళ్ళెంలో పెట్టిన కోలకాయ బొమ్మ ఉంది. 1922లో బయటపడ్డ టుటంకామెన్ సమాధిలోనూ పుచ్చగింజలు దొరికాయి. పరలోక ప్రయాణంలో రాజుగారికి దాహం వేస్తుందని కాబోలు!

మన దేశంలోనే ఈ కాయ కోసం యుద్ధం జరిగిందంటే నమ్ముతారా? రాజస్థాన్‌లో దీన్ని 'మతీరా' అంటారు. బికనీర్ రాజ్యంలో మొలిచిన తీగ సరిహద్దు దాటి నాగౌర్ నేలమీద కాయ కాసిందట. వేరు మాదంటే మాదని వాళ్ళు, కాయ మాదంటే మాదని వీళ్ళు! 1644లో కత్తులు దూశారు, ప్రాణాలు పోయాయి. ఆ ఎడారి ఊళ్ళలోనే ఆడవాళ్ళు మతీరాను ముక్కలు కోసి, కారం వేసి కూర చేస్తారు. చరిత్రలో కెక్కింది మాత్రం కత్తులే.

తొక్కకు పుస్తకంలో చోటిచ్చిన ఒకావిడ కనిపించింది. పేరు అమీలియా సిమన్స్. 1796లో వచ్చిన ఆవిడ వంటల పుస్తకం అమెరికన్లు రాసిన వాటిలో మొదటిదని అంటారు. అట్టమీద తనను తాను అనాథగా చెప్పుకుంది. అందులో పుచ్చతొక్కను పంచదార పాకంలో ఉడికించి నిలవ చేసే పద్ధతి ఉంది. పారేసేదాని విలువ ఆవిడకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది!

అంత దూరం దేనికి, పక్కనున్న కన్నడవాళ్ళు తెల్లభాగాన్ని నానిన బియ్యంతో కలిపి రుబ్బి దోసెలు పోస్తారు. చాలా మెత్తగా వస్తాయి.

ఇంత చదివాక ఊరుకుంటానా? మరుసటి ఆదివారం తొక్కల పైనున్న పచ్చ చెక్కు తీసి, తెల్లభాగం ముక్కలు కోసి, చింతపండు రసం, ఎండుకారం, ఇంగువ పోపుతో కూర చేశాను. అందరూ మెచ్చుకున్నారు. సాయంత్రం పనమ్మాయి వచ్చి తొక్కలుండే పళ్ళెం వైపు చూసింది. ఖాళీగా ఉంది. ఏమీ అనలేదు, చీపురు తీసుకుంది.

అప్పుడు తట్టింది నాకు! కూర నేర్పినందుకు ఆవిడ కూర నేనే లాక్కున్నాను.

అప్పట్నుంచి కాయ కోసిన వెంటనే, మేం ముట్టకముందే, ఎర్రటి కండతో సహా సగం ఆవిడకు తీసి పక్కన పెడుతున్నాను. కండ పిల్లలకు పెడుతుందట. మర్నాడు కూరలోంచి ఓ గరిటెడు నాకు తెస్తుంది. అన్నట్టు, నా చేతికి ఇంకా ఆ రుచి రాలేదు. ఇంగువ వద్దంటుంది, నేను మానలేకపోతున్నాను.