రంగం పడవెక్కినవాళ్లు, ఒడ్డున ఉండిపోయినవాళ్లు

వలస చరిత్ర అనగానే మనవాళ్లం దుబాయ్, కువైట్‌ల నుంచి లెక్క మొదలుపెడతాం. కానీ అంతకు చాలా ముందే శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల ఇళ్లలో ‘రంగం’ అనే మాట ఉంది. రంగం అంటే రంగూన్. “మా తాత రంగం పోయాడు” అని చెప్పుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. “మా నాయనమ్మ రంగం పోయింది” అనే మాట మాత్రం ఎక్కువ వినపడదు. ఎందుకని?

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, రెండోది మొదలయ్యే దాకా ఈ రాకపోకలు జోరుగా సాగాయి. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల్లో స్టీమరు ఎక్కి డెక్కు మీదే పడుకుని వెళ్లేవారు. అప్పటికి బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. 1937 ఏప్రిల్ 1న విడదీసేదాకా అది పరాయి దేశం కాదు కాబట్టి, 1922 వలస చట్టం రంగం ప్రయాణికుడికి వర్తించలేదు. వీసా లేదు, ఏజెంటు లేడు. ఏజెంటు లేడంటే నవ్వాలేమో, ఎందుకంటే మేస్త్రీ ఉన్నాడు.

మేస్త్రీ ఊళ్లోకి వచ్చి వయసులో ఉన్న కుర్రాళ్లను చూసుకునేవాడు. టిక్కెట్టుకింత, ఇంటి ఖర్చుకింత అని అడ్వాన్సు ఇచ్చి, అక్కడి కూలిలో కోసుకునేవాడు. రేవులో బస్తాలు మోయడం, బియ్యం మిల్లులు, రిక్షా లాగడం, ఇవీ పనులు. మనవాళ్లందరినీ కలిపి అక్కడ ‘కోరంగీలు’ అనేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు అది. పోను పోను తిట్టుగా మారింది.

ఆడవాళ్లు వెళ్లకపోవడానికి కట్టుబాటే కారణమని సులువుగా అనేస్తుంటారు. మాకు అది సగం నిజమే అనిపిస్తుంది. కూలి ఒక మనిషి తిండికి, ఊరికి పంపే నాలుగు డబ్బులకు సరిపోయేలా ఉండేది. బస ఇరుకు గదుల్లో, ఒకరి పక్కన ఒకరు. రంగూన్ కూలీల బసల్లో కిక్కిరిసిన స్థితి 1931లో వచ్చిన విట్లీ కార్మిక కమిషన్ నివేదికకు కూడా ఎక్కింది. అలాంటి గదిలోకి భార్యాపిల్లల్ని ఎవరు తీసుకెళ్తారు? కాబట్టి ఆమె ఊళ్లో ఉండి నాట్లు వేసింది, కలుపు తీసింది, ముసలివాళ్లను చూసుకుంది. పిల్లల్ని పెంచే ఖర్చు ఊరు మోస్తోంది కాబట్టే మిల్లు యజమానికి మగమనిషి చవగ్గా దొరికాడు. ఇంటి ఆడవాళ్ల కష్టం ఆ కూలిలో కలిసే ఉంది, లెక్కలోకి మాత్రం రాలేదు.

మలయాలో కథ వేరు. రబ్బరు, కొబ్బరి తోటలకు కుటుంబాలు కావాలి. కంగాణీలు ఆలుమగల్ని కలిపి తీసుకెళ్లేవారు. బగాన్ దాతో కొబ్బరి తోటల్లో స్థిరపడిన తెలుగువాళ్లు అలా వెళ్లినవాళ్లే. అక్కడ ఆడమనిషి కూలీగా లెక్కలోకి వచ్చింది, కానీ తక్కువ రేటుకు. 1920ల చివర్లో ప్రభుత్వం ఖరారు చేసిన రోజు కూలి చాలాచోట్ల మగవాడికి 50 సెంట్లు, ఆడమనిషికి 40 సెంట్లు. 1938లో తోటల యజమానులు కూలి కోశారు. ఆ గొడవలోనే భారత ప్రభుత్వం తోటకూలీల్ని మలయాకు పంపడం ఆపేసింది.

రంగూన్‌లో ఒంటరి మగవాళ్ల గుంపుగా ఉండడం మనవాళ్లకూ మంచి చేయలేదు. 1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ల స్థానంలో బర్మీయుల్ని పెట్టుకున్నారు. సమ్మె తీరాక ఆ బర్మీయుల్ని పొమ్మన్నారు. మే 26న మొదలైన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. బర్మా అమ్మాయిల్ని పెళ్లాడి వదిలేస్తున్నారన్న కోపం కూడా ఆ పదేళ్లలో పెరిగింది. బౌద్ధ స్త్రీల పెళ్లి, ఆస్తి హక్కుల కోసం 1939లో అక్కడ ప్రత్యేక చట్టమే వచ్చింది. ఆ కోపం పూర్తిగా కల్పితం అని మేము అనలేం.

ఈ రోజు ఇంటిపనికి గల్ఫ్ వచ్చే మన ఆడపడుచుకు 30 ఏళ్లు నిండాలన్న రూలు ఉంది. ఆమె తమ్ముడికి ఆ రూలు లేదు.

మీ ఇంటి పెద్దల్ని ఒకసారి అడగండి. తాత రంగంలో ఉన్న ఏళ్లలో ఊళ్లో ఇల్లు ఎవరు నడిపారు, మేస్త్రీ బాకీ ఎవరు తీర్చారు? పేర్లతో సహా రాసి పంపితే వచ్చే ఏడు సంచికలో వేస్తాం.