శిస్తు రసీదులో మన తాతలు

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌తో మన గూడేల పరిస్థితిని పరిశీలింపజేసింది. ఆ దశాబ్దంలోనే ఆదిలాబాద్‌లో వేల గోండు, కొలాం కుటుంబాలకు పట్టాలు అందాయి. కానీ కాగితం చదవలేక, అప్పులు తీర్చలేక మనవాళ్లు ఎంతో భూమి పోగొట్టుకున్నారు. 1/70 చట్టం వచ్చాక షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. అయినా మన హక్కు చెప్పుకోవాలంటే కాగితం కావాలి.

అందుకే సెలవులకు ఇంటికెళ్లే మా హాస్టల్ పిల్లలకు ఒక పని చెబుతుంటాం: తాతగారి ట్రంకుపెట్టె తెరవండి. శిస్తు రసీదు దొరికితే సర్వే నంబరు రాసుకోండి. రసీదు పట్టా కాదు, కానీ వెతకడానికి దారి. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే మన లెక్క వస్తుంది. ఫసలీ 1356 అంటే 1946. తర్వాత తహసీల్దారు కార్యాలయంలో 1954-55 ఖాస్రా పహాణీ నకలు అడగండి. పట్టాదారు ఎవరు, సాగులో ఎవరున్నారు, రెండు గడులూ చూడండి. పాతవి చాలావరకు ఉర్దూలో ఉంటాయి. తెలిసిన పెద్దలతో చదివించుకోండి.

భీం అడిగిన జమీన్‌ను కాపాడుకోవడం ఇప్పుడు చదువుకున్న మన వంతు.