అర్ఫజా ముక్కు: వెండి, బంగారం, నార

తెనాలి నుండి రేపల్లె పోయే రైలు మార్గంలోని వేమూరు, భట్టిప్రోలు ప్రాంతపు గ్రామాలలో ఆడపిల్లకు చెవులు కుట్టించేటప్పుడు కంసాలి సన్నని బంగారు తీగనే వాడటం పాత ఆచారం. బంగారానికి తాహతు లేని ఇంట ఆ రంధ్రం పూడకుండా వేపపుల్ల ఉంచుతారు. గిల్టు పోగు పెడితే తమ్మె ఎర్రబడి చీము పడుతుందని హిందూ, ముస్లిం భేదం లేకుండా ఏ ఇంటి ముసలమ్మయినా చెప్పగలదు. సజీవమైన మాంసం ఏ అన్యపదార్థాన్ని సహిస్తుంది, దేనిని తిరస్కరిస్తుంది అనే ప్రశ్న ఇందులో ఇమిడి ఉన్నది. ఇస్లామీయ చరిత్రలో ఇదే ప్రశ్న ఒక మనిషి ముఖం మీద తేలింది.

తమీమ్ తెగకు చెందిన అర్ఫజా బిన్ అస్‌అద్ (రజి) అజ్ఞాన కాలంలో జరిగిన కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయారు. వెండితో ముక్కు చేయించి పెట్టుకున్నారు. కొంతకాలానికి అది దుర్వాసన కొట్టసాగింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు చేయించుకోమని ఆయనను ఆదేశించారు. ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ, నసాయీ గ్రంథాలు మూడింటిలోనూ కలదు. పురుషులకు బంగారం నిషిద్ధమన్న సంగతి తెలిసిన పాఠకులకు ఈ ఆదేశపు బరువు వేరే చెప్పనక్కరలేదు.

తొలి ముక్కు దేనితో చేసినదన్న విషయమై భాషావేత్తలలో ఒక ఆసక్తికరమైన వివాదం నడిచింది. హదీసులోని అరబీ పదానికి ఉన్న హల్లులు వావ్, రా, ఖాఫ్. ‘రా’ కింద జేర్ ఉంటే ‘వరిఖ్’, అనగా వెండి. జబర్ ఉంటే ‘వరఖ్’, అనగా ఆకు, దానినుండి వ్రాతకు వాడే పత్రం. బస్రా నగరపు మహా నిఘంటువేత్త అస్మయీ ఇక్కడ రెండవదే సరి అన్నాడు. ఆయన ఉద్దేశంలో ఆ ముక్కు వ్రాతకు వాడే తోలుతో చేసినది. కారణం, వెండి కుళ్లి కంపు కొట్టదు కదా అని. క్రీ.శ. 889లో మరణించిన ఇబ్ను ఖుతైబా కూడా చాలాకాలం దీనినే నమ్మాడు. తరువాత లోహాలు ఎరిగినవారు కొందరు ఆయనకు అసలు సంగతి చెప్పారు. బంగారాన్ని మన్ను తినదు, తేమ చిలుము పట్టించదు; వెండి అలా కాదు, అది నల్లబడుతుంది, చెడుతుంది, వాసన కూడా వేస్తుంది అని. ఇబ్ను ఖుతైబా తన అభిప్రాయం మార్చుకోవడమే గాక, ఎవరి మాట విని మార్చుకున్నాడో కూడా వ్రాసిపెట్టాడు. పండితుడు పనివారి మాటకు విలువ ఇచ్చిన ఇటువంటి సందర్భాలు గ్రంథాలలో అరుదు.

బంగారాన్ని మన్ను తినదన్న మాటకు నిదర్శనం వేమూరు పొరుగునే ఉన్నది. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపాన్ని త్రవ్వించినప్పుడు ధాతు కరండాలలో బంగారు పూలు దొరికాయి. అవి అక్కడ ఉంచబడి రెండు వేల ఏళ్లు దాటింది.

అర్ఫజా (రజి) వెండి ముక్కు ఎందుకు చెడిందో నేటి రసాయన శాస్త్రం సులభంగానే వివరిస్తుంది. ముక్కులోని స్రావాలలో ఉప్పు ఉంటుంది, సూక్ష్మజీవుల వలన గంధకపు సమ్మేళనాలు పుడతాయి. గంధకం తగిలితే వెండి మీద నల్లని పొర కడుతుంది. నాటి వెండిలో సాధారణంగా కొంత రాగి కలిసి ఉండేది. అది చిలుము పడుతుంది. గరుకెక్కిన ఉపరితలం క్రిములకు ఆశ్రయమవుతుంది. కార్డోవా సమీపంలోని జహ్రా నగరవాసి, క్రీ.శ. 1013 ప్రాంతంలో మరణించిన శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిమ్ జహ్రావీ ఇదే తేడాను పళ్ల విషయంలో గుర్తించాడు. కదిలే పళ్లను తీగతో కట్టే విధానం ‘తస్రీఫ్’ గ్రంథం ముప్పైవ భాగంలో వివరిస్తూ, బంగారు తీగే మేలు, వెండి కొద్ది రోజులకే చిలుము పట్టి చెడిపోతుంది అని హెచ్చరించాడు. ఊడిన పన్ను స్థానంలో ఎద్దు ఎముకతో చెక్కిన పన్ను అమర్చవచ్చునని కూడా వ్రాశాడు.

ఫుఖహాలు ఈ తేడాను ధర్మశాస్త్రంలోకి తీసుకున్నారు. మదరసాలలో బోధించే ‘హిదాయా’లో ఈ చర్చ ఉన్నది. కదిలే పళ్లను వెండితోనే కట్టాలి, బంగారం తగదు అని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. బంగారమైనా దోషం లేదని ఆయన శిష్యుడు ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అన్నారు. ఆధారం అర్ఫజా హదీసే. దానికి అబూ హనీఫా పక్షం ఇచ్చిన సమాధానం చూడండి: బంగారానికి మూలసూత్రం నిషేధం, అనుమతి అవసరం మేరకే. పంటి విషయంలో అవసరం వెండితో తీరుతుంది. ముక్కు విషయంలో తీరలేదు, ఎందుకంటే వెండి కంపు కొట్టింది. అనగా ఇక్కడ అనుమతి హద్దును నిర్ణయించినది మాంసం చూపిన ప్రతిస్పందన. జహ్రావీ అనుభవాన్ని బట్టి చూస్తే పంటి విషయంలో ఇమామ్ ముహమ్మద్ మాటే బలంగా కనబడుతుంది.

ఇక వృక్ష పదార్థాల సంగతి. గాయాలు కుట్టడానికి సుశ్రుతుడు చెప్పిన దారాలలో అవిసె నార, తిప్పతీగ పోగులతో పాటు జనపనార కూడా ఉన్నది. ఆ జనుమునే కృష్ణా డెల్టా రైతులు వరి కోసిన చేలలో చల్లుతారు. బర్మకీ మంత్రి యహ్యా బిన్ ఖాలిద్ కోరికపై మన్కా అనే హిందూ వైద్యుడు బాగ్దాదులో ఈ గ్రంథాన్ని అరబీలో వివరించినట్లు ఇబ్ను నదీమ్ ‘ఫిహ్రిస్త్’ చెబుతున్నది.

నార దారం చర్మం పైన కొన్నాళ్లు ఉండి తీసివేయబడితే చిక్కు లేదు. లోపలే మిగిలితే కథ మారుతుంది. నారలోని ముఖ్య పదార్థం సెల్యులోజ్. దానిని కరిగించే ఎంజైము మనిషి శరీరంలో లేదు. రక్తంలోని భక్షక కణాలు చుట్టుముట్టి మింగబోతాయి, చేతకాక ఒకదానితో ఒకటి కలిసి పెద్ద కణాలవుతాయి, చుట్టూ గట్టి గడ్డ కడుతుంది. ఈతముల్లు మోకాటిలో విరిగితే నెలల తరబడి కీలు వాచి ఉండటం ఇందువల్లనే. ముల్లు ఎక్స్‌రేలో సాధారణంగా కనబడదు కూడా. ముక్క బయటికి వస్తే గాని వాపు తీయదు.

లోహాలను ప్రయోగపూర్వకంగా పోల్చినవాడు అమెరికా వైద్యుడు లెవర్ట్. 1829లో కుక్కలపై బంగారం, వెండి, సీసం, ప్లాటినం తీగలు పరీక్షించి, ప్లాటినం అన్నిటికంటె తక్కువ బాధ కలిగిస్తుందని తేల్చాడు. వెండికీ ఒక మంచి రోజు వచ్చింది. 1849లో అమెరికాలోనే సిమ్స్ అనే వైద్యుడు, పట్టు దారంతో పదేపదే విఫలమైన ఒక కుట్టును వెండి తీగతో సాధించాడు. వెండి అయాన్లు క్రిములను చంపుతాయి. అయితే ఆ ప్రయోగాలు మత్తు మందు లేకుండా బానిస స్త్రీలపై జరిగాయని చెప్పకుండా ఈ విజయాన్ని పేర్కొనడం న్యాయం కాదు.

గిల్టు పోగుల్లో తరచు ఉండే నికెల్ శస్త్రచికిత్సకు వాడే ఉక్కులోనూ ఉన్నది. కాని ఆ ఉక్కులోని క్రోమియం ఉపరితలంపై పల్చని ఆక్సైడ్ పొర కట్టి దానిని చాలావరకు లోపలే అదుపు చేస్తుంది. 1990ల దశకంలో హైదరాబాదులో హృద్రోగ నిపుణుడు సోమరాజు, అబ్దుల్ కలామ్ కలిసి రూపొందించిన చవకైన స్టెంట్‌కు ఉక్కే ఆధారం. టైటానియం మరింత విచిత్రం. 1952లో స్వీడన్‌లో బ్రానెమార్క్ కుందేళ్ల ఎముకలో అమర్చిన టైటానియం గదులు తిరిగి ఊడి రాలేదు, ఎముక వాటిని పట్టేసింది. 1965లో ఆయన మొదటి రోగికి దవడలో టైటానియం పళ్లవేర్లు అమర్చాడు.

అర్ఫజా (రజి) బంగారు ముక్కు ఎన్నేళ్లు నిలిచిందో హదీసు చెప్పదు. దానిని ఉల్లేఖించినది ఆయన మనుమడు అబ్దుర్రహ్మాన్ బిన్ తరఫా. అతని నుండి విన్నవాడు అబుల్ అష్‌హబ్. ఆ మనుమడు తన తాత కాలాన్ని నిజంగా అందుకున్నాడా అని యజీద్ బిన్ హారూన్ పట్టుబట్టి అడిగితే, అబుల్ అష్‌హబ్ అవునన్నాడు.