కార్మిక సంఘ సభాస్థానము: జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి

శ్రమజీవులు తమ కూలిరేట్లను, పనిగంటలను, కష్టసుఖములను గూర్చి కూడి విచారించుకొనుటకు ఏర్పరచుకొన్న చోటు. ఆస్ట్రేలియాలో మెల్బోర్ను పనివారు 1859లోనే సొంత భవనమును తెరచిరి; తెలంగాణమున సంఘము ముందు పుట్టెను, గోడలు చాలకాలమునకు గాని లేవలేదు.

జనగామ ప్రాంతమున ఈ చరిత్ర ఆంధ్ర మహాసభ గ్రామశాఖలతో మొదలగును. అంతవరకు ఊరి తగవులెల్ల దేశముఖుల గడీలలో, దొర యెదుట చేతులు కట్టుకొని నిలుచున్నవారి సమక్షమున తీరెడివి. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన మహాసభ పిమ్మట సంఘము పల్లెపల్లెకు వ్యాపించి, వెట్టి, లెవీ ధాన్యము, భూముల బేదఖలు మున్నగు వానిపై మొరలు గడీని విడిచి కార్యకర్తల యిండ్ల వాకిళ్లకు చేరెను. దొరలకు కంటగింపైనది నినాదములకన్న ఈ తీర్పుచోటు మారుటయే యనుట సమంజసము. సభ్యులు గుత్పలు (దుడ్డుకర్రలు) చేతబట్టి తిరిగినందున ఈ సంఘమును గుత్పల సంఘమనియు పిలిచిరి. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి మనుషులు ఊరేగింపుపై కాల్పులు జరుపగా దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. ఈ కాల్పులతో రాజుకొన్న రైతుల సాయుధపోరాటమున నిర్బంధము పెచ్చు పెరిగిన పిదప, 1951 అక్టోబరులో దానిని విరమించు వరకు, చేలగట్లును గుట్టలును అడవులునే సభాస్థలములయ్యెను.

మానుకోట, అనగా మహబూబాబాదు, ప్రాంతమును గూర్చి చెప్పవలసినది కొంచెము: 1889లో తవ్వకము మొదలైన ఇల్లెందు గనుల బొగ్గు ఈ ప్రాంతపు దోర్నకల్లు వద్దనే ప్రధాన రైలుమార్గమునకు చేరెడిది.

భూపాలపల్లి కథ అర్వాచీనము. సింగరేణి సంస్థ ఇచ్చట కాకతీయ ఖని గనులను తెరచిన పిమ్మట, కొత్తగూడెమున, ఇల్లెందున ఏనాడో వేళ్లూనిన సంఘములు తమ జెండాగద్దెలను ఇచ్చటను నెలకొల్పినవి. 1926 నాటి కార్మిక సంఘముల చట్టము రిజిస్టరైన సంఘమునకు కార్యాలయ చిరునామాను విధించినను, బొగ్గుగని కార్మికునకు అసలైన సభాస్థానము బాయి (గని) గేటే. షిఫ్టు మారు వేళ, మస్టరు పడి క్యాపులైటు తగిలించుకొని దిగబోవువారును, మసి ముఖములతో పైకి వచ్చువారును ఎదురుపడు ఆ కొద్ది నిమిషములలోనే గేటు మీటింగు ముగియవలెను. అందుచే అచ్చట దీర్ఘోపన్యాసకులకు ఆదరము తక్కువ. కార్యాలయ గదికి పని సాయంకాలము తగులును: మెడికల్ బోర్డు కాగితములు, కారుణ్య నియామకముల దరఖాస్తులు, పింఛను చిక్కులు అచ్చటి బల్లపైకి వచ్చును.

1998లో సింగరేణిలో రహస్య బ్యాలెటుతో గుర్తింపు సంఘపు ఎన్నికలు ఆరంభమైన తరువాత, ఏ కార్యాలయమున రద్దీ హెచ్చునో ఓట్ల లెక్కయే తేల్చుచున్నది. 2012, 2017లలో తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘము గెలిచిన ఆ గుర్తింపును 2023 డిసెంబరు 27 నాటి ఎన్నికలలో ఏఐటీయూసీ తిరిగి పొందెను.