ఆరె – ఒక పనిముట్టు పేరు చరిత్ర

చెప్పులు కుట్టేవారి సంచిలో రంపె, గూటంతో పాటు పొట్టి కొయ్యపిడికి బిగించిన ఉక్కుమొన ఒకటి ఉంటుంది. దాని పేరు ఆరె. మందమైన తోలులో సూదిని గుచ్చబోతే వంగుతుంది, లేదా విరుగుతుంది. అందువల్ల ముందు ఆరెతో రంధ్రం చేసి, తరువాత దారాన్ని పోనిస్తారు. పనిముట్టు చిన్నదే కాని, దాని పేరుకు మూడువేల ఏండ్లకు మించిన చరిత్ర ఉన్నది.

సంస్కృతంలో దీని రూపం 'ఆరా'. తోలును పొడిచే సాధనమని అమరకోశం దీనికి అర్థం చెప్పింది. ఇంకా వెనుకకు పోతే, ఋగ్వేదంలో ఇది ఒక దేవత చేతిలో కనిపిస్తుంది. ఆరవ మండలం 53వ సూక్తంలో, బాటలకూ పశువులకూ రక్షకుడైన పూషుడు తన ఆరాతో పిసినారులైన పణుల హృదయాలను పొడిచి, వారిని ఈవికి మళ్ళించవలెనని కవి వేడుకుంటాడు. పశువుల దేవత గనుక ఇక్కడ ఆరా అంటే ములుగర్ర అనుకోవటం సమంజసంగానే ఉన్నది.

సుశ్రుతసంహితలో ఈ మాట వైద్యుని పెట్టెలోకి వచ్చింది. అందులో పేర్కొన్న 20 శస్త్రాలలో ఆరా ఒకటి. చెవులు కుట్టేటప్పుడు తమ్మె పలుచగా ఉంటే సూదితోను, మందంగా ఉంటే ఆరాతోను పొడవాలని అక్కడి విధి. చెప్పులు కుట్టేవారు చెప్పే కారణం కూడా ఇదే గదా! దేవతకూ, వైద్యునికీ, చర్మకారునికీ ఒకటే మాట. ఆ ముగ్గురిలో దాన్ని నేటిదాకా నోట నిలిపినవారు మాత్రం, సమాజం తక్కువగా చూచిన తోలుపనివారే.

హిందీలో మాట కొంత దారి మళ్ళింది. అక్కడ ఆరా అంటే రంపం. పొడిచే పని పేరు కోసే పనికి సంక్రమించిందన్నమాట. బండిచక్రపు ఆకును తెలిపే సంస్కృత 'అర' శబ్దం వేరు. దీర్ఘం లేని ఆ మాటను దీనితో కలుపరాదు.

ఇక ఐరోపా సంగతి. ఇంగ్లీషులో 'ఆల్', జర్మనులో 'ఆలె' అనే మాటలకు కూడా తోలు పొడిచే మొన అనే అర్థం. రకారం ఉండవలసిన చోట లకారం ఉన్నదేమని సందేహం రావచ్చు. మూలభాషలోని లకారం భారత–ఇరానీ శాఖలో తరచుగా రకారంగా మారింది. వినటాన్ని తెలిపే సంస్కృత 'శ్రు' ధాతువుకూ, ఇంగ్లీషు 'లిజన్'కూ ఉన్న చుట్టరికం ఇటువంటిదే.

ఈ చిన్న భేదమే మరొక చిక్కును విడదీస్తుంది. ఫిన్లాండువారి ఫిన్నిష్ భాష మన భాషాకుటుంబాలలో దేనికీ చెందదు, ఇంగ్లీషు కుటుంబానికీ చెందదు. అయినా అందులో 'ఒర' అంటే ముల్లు, మొనగల పనిముట్టు. ఇరుగుపొరుగున ఉన్న జర్మను జాతుల నుండి వచ్చి ఉంటే ఆ మాటలో లకారం ఉండాలి. ఉన్నది రకారం. అనగా దాన్ని ఇచ్చినవారు భారత–ఇరానీ భాషలు మాట్లాడిన స్టెప్పీ మైదానాల పశుపాలకులని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయం. ఫిన్నిష్‌లో సుత్తిని 'వసర' అంటారు. దానికి మూలం మన 'వజ్ర' శబ్దానికి తల్లి అయిన మాటే. ఏ శాసనమూ లేని కాలంలో ఇచ్చిపుచ్చుకోవటం జరిగిందనటానికి ఈ అక్షరాలే సాక్ష్యం.

పనిముట్టు మటుకు పేరు కంటె చాలా పాతది. కాశ్మీరులోని బూర్జహోంలో 1960 నుండి జరిగిన త్రవ్వకాలలో నవీన శిలాయుగపు ఎముక మొనలు దొరికాయి. 1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో బయటపడిన సుమారు 5,300 ఏండ్లనాటి మనిషి దగ్గర రాగిగొడ్డలి ఉన్నది. కాని అతని నడుముసంచిలోని ఆరె రాగిది కాదు, ఎముకది. కనుక ఒక భాషలో ఈ మాట ఉన్నంతమాత్రాన దాన్ని పలికినవారికి లోహం తెలుసునని వాదించటానికి వీలులేదు.