జేమ్స్ కార్: మైకు ముందు మూగబోయినవాడు

1964లో ఒక అర్ధరాత్రి మెంఫిస్‌లో క్వింటన్ క్లాంచ్ ఇంటి తలుపు చప్పుడైంది. తీసి చూస్తే ముగ్గురు నల్లజాతి మనుషులు, వాళ్ల దగ్గరో చిన్న టేప్ రికార్డరు. అమెరికా దక్షిణాదిలో ఆ రోజుల్లో, ఆ వేళప్పుడు తెల్లవాడి గుమ్మం ఎక్కడమంటే మాటలు కాదు. క్లాంచ్ లోపలికి రమ్మన్నాడు. హాల్లో కిందే కూర్చుని అందరూ టేపు విన్నారు. వచ్చినవాళ్లలో రూజ్‌వెల్ట్ జేమిసన్ బ్లడ్ బ్యాంకులో పనిచేస్తూ పాటలు రాసేవాడు. తక్కిన ఇద్దరూ గాయకులు, ఓ.వి. రైట్, జేమ్స్ కార్. క్లాంచ్ కూడా పెద్ద ఆసామీ ఏం కాదు. పగలు ఇనుప సామాను అమ్మేవాడు. మందుల షాపతను డాక్ రస్సెల్‌తో కలిసి గోల్డ్‌వాక్స్ అనే బుల్లి రికార్డు కంపెనీ అప్పుడే మొదలుపెట్టాడు.

ఇద్దరిలో రైట్ గోల్డ్‌వాక్స్‌కు ఎక్కువ కాలం దక్కలేదు. జేమిసన్ రాసిన పాట ఒకటి పాడి పేరు తెచ్చుకుంటుండగానే హ్యూస్టన్ నుంచి రికార్డు కంపెనీ యజమాని డాన్ రోబీ దిగాడు. చర్చి పాటల బృందంలో ఉన్నప్పుడే రైట్ తనకు సంతకం చేశాడని కాగితం చూపించి పట్టుకుపోయాడు. మిగిలింది జేమ్స్.

1942లో మిసిసిపీ రాష్ట్రంలో కొహోమా అనే పల్లెలో పుట్టాడు జేమ్స్. తండ్రి బాప్టిస్టు చర్చిలో బోధకుడు. పసితనంలోనే కుటుంబం మెంఫిస్‌కు వలస వచ్చింది. అక్కడి చర్చి బృందాల్లోనే అతని గొంతు రాటుదేలింది. చిన్న వయసులోనే పెళ్లయింది. ఫ్యాక్టరీలో బల్లలు తయారుచేసే పని. చర్చిలో దేవుణ్ణి పిలిచే తీరులోనే ప్రేమనూ ఎడబాటునూ పాడితే, దానికి బ్లూస్ దిగులు తోడైతే సోల్ సంగీతం అవుతుంది. ఆ రెండూ జేమ్స్‌కు కొత్తగా నేర్చుకోవలసిన విద్యలు కావు. జేమిసన్ పక్కన ఉండి పాట నేర్పించి, వేళకు స్టూడియోకు చేర్చి, చంటిపిల్లాణ్ణి చూసుకున్నట్టు చూసుకున్నాడు.

1966లో ‘యూవ్ గాట్ మై మైండ్ మెస్డ్ అప్’ నల్లజాతి సంగీతపు హిట్ల జాబితాలో 7వ స్థానానికి ఎక్కింది. వెనకే ‘లవ్ అటాక్’, ‘పోరింగ్ వాటర్ ఆన్ ఎ డ్రౌనింగ్ మ్యాన్’. ఆ తర్వాత వచ్చిందే ‘ద డార్క్ ఎండ్ ఆఫ్ ద స్ట్రీట్’. ఎవరి సంసారాలు వాళ్లకున్న ఇద్దరు వీధి చివర చీకట్లో కలుసుకోవడం, ఏదో ఒకనాడు పట్టుబడక తప్పదని తెలిసీ మానుకోలేకపోవడం ఆ పాట సంగతి. నాష్‌విల్‌లో రేడియో వాళ్ల సమావేశానికి వెళ్లిన పాటల రచయితలు డాన్ పెన్, చిప్స్ మోమన్ పేకాట మధ్యలో లేచి అరగంటలో రాసేశారు. రాసుకోవడానికి హోటల్ గది ఇచ్చింది క్లాంచే. ఒకటే షరతు పెట్టాడు, పాట జేమ్స్‌కే ఇవ్వాలని.

మెంఫిస్‌లో పాత సినిమా హాలును మార్చి కట్టిన రాయల్ స్టూడియోలో రికార్డు చేశారు. రెండున్నర నిమిషాలే. గిటారు తీగ సన్నగా వణుకుతూ మొదలవుతుంది. జేమ్స్ పై స్థాయికి పోడు, పక్కనున్న మనిషితో చెబుతున్నట్టు కింది స్థాయిలోనే అందుకుంటాడు. తమ జాడ లోకానికి తెలిసిపోతుందన్న చోట గొంతు లేస్తుంది కానీ చెదరదు. మరొకడైతే అక్కడ ఏడ్చేవాడు. ఇతను ఏడుపును పళ్ల బిగువున ఆపి, ఆ బిగువునే వినిపిస్తాడు. పాట 1967 మొదట్లో నల్లజాతి జాబితాలో 10కి చేరింది. అందరి జాబితాలో మాత్రం 77 దగ్గర ఆగిపోయింది.

ఈ పాటే జేమ్స్‌ను మింగిందని, పాడిన చీకట్లోకే నడిచిపోయాడని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. చదవడానికి బాగానే ఉంటుంది. నాకు మాత్రం అది అన్యాయమనిపిస్తుంది. అతనికున్నది జబ్బు, బైపోలార్ డిజార్డర్. ఒకప్పుడు ఉరకలు, ఒకప్పుడు రోజుల తరబడి ఉలుకూ పలుకూ లేకపోవడం. పాట వినండి, ఎంత అదుపుతో పాడాడో తెలుస్తుంది. ఆ అదుపు అతని పనితనం. ఆ పనితనాన్నే జబ్బు కొంచెం కొంచెంగా లాక్కుంది. జబ్బు ఖాతాలో కళను జమకట్టడం నాకు నచ్చదు.

పేరున్న సోల్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ వ్యవహారాలు చూసే ఫిల్ వాల్డెన్ జేమ్స్ ప్రోగ్రాముల బాధ్యత తీసుకున్నాక జేమిసన్ పక్కకు జరగాల్సి వచ్చింది. వ్యాపారపరంగా అది మెట్టు పైకెక్కడమే. కానీ వేళకు తిన్నాడా, ఇవాళ మాట్లాడతాడా లేదా అని చూసే మనిషి దూరమయ్యాడు. 1967 డిసెంబరులో విమాన ప్రమాదంలో ఓటిస్ పోయాడు. ఆ ఖాళీలో నిలబడగల గొంతు ఎవరిదని అడిగితే నేను జేమ్స్ పేరే చెబుతాను. నిలబడే స్థితిలో అతను లేడు.

ఒక్కడి జీతం మీద నడిచే సంసారంలా ఉండేది గోల్డ్‌వాక్స్. జేమ్స్ పాడితేనే రికార్డు, రికార్డు అమ్ముడైతేనే మరో రికార్డు. గాయకుడు కోలుకునేదాకా ఆగే స్తోమత దానికి లేదు. 1969లో క్లాంచ్ అతన్ని అలబామాలోని మజిల్ షోల్స్‌కు తీసుకెళ్లాడు. వాద్యగాళ్లంతా సిద్ధం. జేమ్స్ మైకు ముందు కూర్చున్నాడు. గంటలు గడిచాయి. బతిమాలారు, అలిశారు. అతను అలా చూస్తూనే ఉన్నాడు. చివరికి పూర్తయింది ఒక్క పాట, బీ జీస్ వాళ్ల ‘టు లవ్ సమ్‌బడీ’. కంపెనీ ఆ ఏడాదే మూతబడింది.

1971లో అట్లాంటిక్ కంపెనీకి ఒక రికార్డు ఇచ్చాడు, ఆడలేదు. 1979లో జపాన్ వెళ్లాడు. అక్కడ అతన్ని ఆరాధించే శ్రోతలు టిక్కెట్లు కొనుక్కుని వచ్చారు. ఒక కచేరీలో వేదిక మీద మైకు ముందు బొమ్మలా నిలబడిపోయాడు. డిప్రెషన్ మందులు మోతాదు మించాయంటారు. తిరిగి మెంఫిస్ చేరి, సోదరి ఇంట్లోనో ఆసుపత్రిలోనో ఏళ్లు గడిపాడు. 1986లో పీటర్ గురాల్నిక్ ‘స్వీట్ సోల్ మ్యూజిక్’ పుస్తకంలో అతని గురించి రాశాక గానీ బతికే ఉన్నాడని చాలామందికి తెలియలేదు. గోల్డ్‌వాక్స్ పేరు మళ్లీ తెరుచుకున్నాక, దాని కింద 1991లో క్లాంచ్ ‘టేక్ మీ టు ద లిమిట్’ ఆల్బమ్ చేయించాడు. గొంతు బరువెక్కింది, పట్టు తప్పలేదు. వెనక వాయించిన కీబోర్డులే చప్పగా ఉన్నాయి.

ఈలోగా ‘ద డార్క్ ఎండ్ ఆఫ్ ద స్ట్రీట్’ పాట ఊళ్లు తిరిగింది. అరీథా ఫ్రాంక్లిన్, పెర్సీ స్లెడ్జ్, లిండా రాన్‌స్టాట్, ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్, ‘ద కమిట్‌మెంట్స్’ సినిమా, ఎవరి పద్ధతిలో వాళ్లు పాడుకున్నారు. ఎంతమంది పాడినా జేమ్స్ పాడిందే పాట అని, దాన్ని రాసిన డాన్ పెన్ స్వయంగా ఒప్పుకున్నాడు. ఒప్పుకోలుకు డబ్బులు రాలవు. ఇతరులు పాడినప్పుడల్లా రాయల్టీ రాసినవాళ్లకు చేరుతుంది. జేమ్స్ పాడిన రికార్డునే అమెరికాలో ఏఎం, ఎఫ్ఎం రేడియోలో వేసినా, అక్కడి చట్టం ప్రకారం పైకం పాట రాసినవాడికే, పాడినవాడికి పైసా లేదు.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 2001 జనవరి 7న మెంఫిస్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో జేమ్స్ పోయాడు. 58 ఏళ్లు. ఆ ఏడాదే బ్రిటన్‌లోని కెంట్ కంపెనీ అతని గోల్డ్‌వాక్స్ సింగిల్స్ అన్నీ వెతికి తెచ్చి విడుదల చేసింది. హిట్టయినవీ కానివీ, అటూ ఇటూ రెండు వైపులవీ కలిపినా ఒక్క సీడీలో సరిపోయాయి.